ఫిషర్ పుస్తకం కవర్ చూసి ఏ ముద్రణో పట్టుకోవడం ఎలా?

చెస్ లైబ్రరీకి పుస్తకాలు కొంటున్నాం. ఇంగ్లిష్ చెస్ ఫెడరేషన్ 2019లో 'బుక్ ఆఫ్ ది ఇయర్'గా ఎంచిన శాడ్లర్, రీగన్‌ల 'గేమ్ ఛేంజర్'తో చిక్కు లేదు. చిక్కంతా మాజీ ప్రపంచ ఛాంపియన్ బాబీ ఫిషర్ రాసిన 'మై 60 మెమరబుల్ గేమ్స్'తోనే.

1969 నాటి మొదటి ముద్రణలో ఎత్తులు పాత డిస్క్రిప్టివ్ పద్ధతిలో ఉంటాయి. ఇప్పటి పిల్లలు ఇ4 అని రాసేది అందులో పి-కె4, అంటే రాజు వరుసలో నాలుగో గడికి బంటు. నల్లపావుల వైపు గళ్లను అటునుంచి లెక్కపెడతారు కాబట్టి నల్లవాళ్లు ఇ5కి జరిపినా పి-కె4 అనే ఉంటుంది. కొత్తవాళ్లు తడబడేది అక్కడే. 1995లో బాట్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ వేసిన ముద్రణ ఇ4 అని రాసే ఇప్పటి ఆల్జిబ్రాయిక్ పద్ధతిలోకి మారింది, కానీ ఫిషర్ రాసిన వ్యాఖ్యలను కూడా మార్చేశారు. అది మాకు అస్సలు వద్దు. 2008 బాట్స్‌ఫర్డ్‌ది ఆల్జిబ్రాయిక్‌లోనే ఉంటూ అసలు వాక్యాలను తిరిగి ఇచ్చింది. కావలసింది అదే.

సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్లు కవర్ ఫొటో ఒక్కటే పెడుతున్నారు. బాట్స్‌ఫర్డ్ పేరు రెండింటి మీదా ఉంటుంది. కాపీరైట్ పేజీ ఫొటో అడగడం కాకుండా, కవర్‌ను బట్టే 1995, 2008 ముద్రణల తేడా చెప్పే గుర్తు ఏదైనా ఉందా? రెండూ దగ్గర ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.