పాత జాజ్ బాస్ ఫ్రెట్లు తీసేయవచ్చా?

మా అన్నయ్య ఇచ్చిన పాత జాజ్ బాస్ (ఫెండర్ వారి బాస్ గిటారు) ఫ్రెట్లు, అంటే మెడ మీది అడ్డ లోహపు కమ్మీలు, బాగా అరిగిపోయాయి. కొత్తవి వేయించే బదులు మొత్తం తీసేసి ఫ్రెట్‌లెస్‌గా మార్చాలని ఉంది. ప్రసిద్ధ బాస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బాస్‌కు చేసింది అదేనంటారు: ఫ్రెట్లు తీసి, గాడులు పూడ్చి, ఎపాక్సీ (గట్టిపడే రెజిన్) పూత వేశాడట. ఈ మాట అనగానే మా బృందంలో గిటారు వాయించే మిత్రుడు, నేనేదో గుడి గోపురం కూల్చబోతున్నట్టు చూశాడు! తీగల ధ్వనిని అందుకునే పికప్‌లు మార్చినా పాతవి మళ్లీ బిగించుకోవచ్చు, ఇది అలా కాదని నాకూ తెలుసు.

తీగలను వేళ్లతో నొక్కే ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్‌ది. గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్ తీగలు చెక్కను గీసేస్తాయి కదా, నున్నటి ఫ్లాట్‌వౌండ్ వేస్తే ఎపాక్సీ లేకుండా సరిపోతుందా? గాడుల్లో పల్చని చెక్క ముక్కలు అతికించాలా, పుట్టీ చాలా? మెడ చివర తీగలు ఆనే నట్ గాడులు కూడా లోతు చేయాలా? స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి. చేసి బాధపడినవారు ముందుగా చెప్పండి.