మార్కెట్ గడగడలాడుతుంటే క్రెడిట్ ఫండ్ తలుపులు మూయొచ్చా?

కృష్ణాతీరం: మా బావగారికి ఒక ప్రైవేట్ క్రెడిట్ ఏఐఎఫ్ (సంపన్నుల డబ్బు పోగేసి కంపెనీలకు నేరుగా అప్పులిచ్చే ఫండు) అమ్మజూపుతున్నారు. కనీసం కోటి పెట్టాలి, మధ్యలో తీసుకునే వీల్లేదు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ మ్యూచువల్ ఫండ్ వాళ్లు ఆరు డెట్ స్కీములు (బాండ్లలో డబ్బు పెట్టేవి) మూసేస్తే సుమారు 25 వేల కోట్లు ఇరుక్కోవడం గుర్తుందిగా? మదుపరి డబ్బు ఆపే హక్కు మేనేజరుకు ఉండకూడదని నా వాదన.

సిఏ_హన్మకొండ: ఉండాలండీ. లాక్‌డౌన్‌లో ఏఏ, ఏ రేటింగు బాండ్లు కొనే నాథుడే లేడు. అడిగినవాళ్లందరికీ ఇవ్వాలంటే అడ్డికి పావుశేరు లెక్కన అమ్మాలి. ఆ నష్టమంతా ఉండిపోయినవాళ్ల నెత్తిన పడేది. తర్వాత సుప్రీంకోర్టు పురమాయిస్తే ఎస్‌బీఐ ఫండ్స్ వాళ్లు ఆ బాండ్లను నిదానంగా అమ్మారు,, మూసిన నాటి విలువకన్నా ఎక్కువే వచ్చింది.

చిన్నమదుపరి: వచ్చింది సరే, ఎప్పుడు సార్? కర్ణాటక హైకోర్టు, సుప్రీంకోర్టు తిరిగాక మొదటి విడత 2021 ఫిబ్రవరిలో. కరోనా ఆసుపత్రి బిల్లు పది నెలలు ఆగుతుందా? ఇంకోటి మీరు దాటేశారు. మూతకు ముందు వారాల్లో వెళ్లిపోయినవాళ్లకు తేలిగ్గా అమ్ముడయ్యే బాండ్లు అమ్మి, చాలక బ్యాంకుల్లో అప్పు తెచ్చి ఇచ్చారు. మాలాంటివాళ్లకు మిగిలింది అమ్ముడుపోని సరుకు, దాని మీద ఆ అప్పు. మూసేదేదో ముందే మూయాల్సింది!

సిఏ_హన్మకొండ: ముందే మూయాలన్నది ఒప్పుకుంటా. రెండు మూడేళ్లకు అప్పులిచ్చి, ఏ రోజు అడిగితే ఆ రోజు ఇస్తామనడంలోనే తిరకాసు ఉంది. మీ బావగారికి చూపిస్తున్నలాంటి ప్రైవేట్ క్రెడిట్ ఫండ్లు వచ్చే రెండో కేటగిరీ ఏఐఎఫ్‌లో ఆ బెడద లేదు, కనీసం మూడేళ్ల గడువు. అమెరికాలో సంపన్నులకు అమ్మే చాలా ఫండ్లు మూడు నెలలకోసారి 5 శాతం వరకే వెనక్కి కొంటాయి. ఆ షరతు మొదటి రోజే కాగితం మీద ఉంటుంది.

పేట_ఫైనాన్స్: తలుపు గొడవ సరే గానీ, లోపల ఏముందో చూశారా? ప్రైవేట్ అప్పుకు రోజువారీ మార్కెట్ ధర ఉండదు. మార్కెట్ ఊగినా ఎన్‌ఏవీ (ఫండు యూనిట్ విలువ) కదలట్లేదంటే నాకైతే భయమే. కంపెనీ వడ్డీ కట్టలేకపోతే దాన్ని అసలులో కలిపేస్తారు, పిక్ అంటారు. మా దగ్గర మూడేళ్లు నిండేలోపు ప్రామిసరీ నోటు తిరగరాయడం ఉందే, అచ్చం అదే. రాబడి లెక్కల్లో కనిపిస్తుంది, పైసా చేతికి రాదు. 2023 డిసెంబరులో ఆర్‌బీఐ, తమ బాకీదారు కంపెనీల్లో డబ్బు పెట్టే ఏఐఎఫ్‌ల జోలికి వెళ్లొద్దని బ్యాంకులకు చెప్పింది. మొండి అప్పుల్ని ఈ దారిన మంచి అప్పులుగా చూపిస్తారన్న అనుమానంతోనే. తర్వాత కొంత సడలించారు. మీ బావగారిని అడగమనండి: పోయినేడాది వడ్డీలో నగదుగా వచ్చిందెంత, అసలులో కలిపిందెంత?

కృష్ణాతీరం: అడిగారు. "బ్రోచర్‌లో ఉంది సార్" అన్నాడట ఏజెంటు. రెండుసార్లు తిరగేశాం, లేదు. చెక్కు ఇంకా రాయలేదు. డబ్బు ఆపే హక్కు మీద మాత్రం నా మాట మారలేదు సిఏ గారూ. అలాంటి ఫండులో చిన్నవాళ్లను అసలు చేర్చుకోకూడదు.