మొదటి కప్పు తర్వాత కోచ్‌లు ఎందుకు జారిపోతారు?

గచ్చిబౌలి గోల్‌పోస్ట్:
మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22 ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) కప్పు తెచ్చిన కోచ్ మనోలో మార్క్వెజ్, ఇండియా టీమ్‌తో 8 మ్యాచుల్లో ఒక్కటే గెలిచాడు. అదీ మాల్దీవుల మీద. విల్లాస్-బోయాస్ అయితే 33 ఏళ్లకే కోచ్‌గా పోర్చుగల్ క్లబ్ పోర్టోతో ఒక్క లీగ్ మ్యాచ్ ఓడకుండా టైటిల్, పైన యూరోపా లీగ్. తర్వాత లండన్ క్లబ్ చెల్సీలో ఏడాది కూడా నిలవలేదు. ఉన్న తెలివి ఎక్కడికి పోతుంది? లక్కు అనొద్దు, ఆటలో ఏం మారిందో చెప్పండి.

లెఫ్ట్‌బ్యాక్:
తెలివి ఆడ్నే ఉంటది భయ్యా, కాళ్లు మారుతయి. విల్లాస్-బోయాస్‌ది హై లైన్ ఆట. డిఫెండర్లు హాఫ్‌వే లైన్ దిక్కు ముందుకొచ్చి నిలబడాలె, వాళ్ల ఎనక అంతా ఖాళీ. ఇది నడవాలంటే బాల్ ఎవని కాలుకాడుంటే వాని మీద ఎంబడే పడాలె, తల ఎత్తి చూసే టైమ్ ఇయ్యొద్దు. అది తప్పితే ఎనక్కి తిరిగి ఉరికే సెంటర్‌బ్యాక్ (నడుమ డిఫెండర్) ఉండాలె. పోర్టోల ఫాల్కావ్, హల్క్ ముందట్నుంచే మీద పడి ప్రెస్ చేసేటోళ్లు. చెల్సీల సెంటర్‌బ్యాక్ టెర్రీకి 30 నిండినయి, ఉరుకుడు అతని బలం ఎప్పుడూ కాదు.

2011 అక్టోబర్ 29, ఆర్సెనల్ మ్యాచ్ మల్ల చూడు. సొంత గ్రౌండ్ల 5-3 ఓటమి. 3-3 కాడ మలూడా బ్యాక్‌పాస్ ఇచ్చిండు, టెర్రీ జారిపడ్డడు, ఆర్సెనల్ స్ట్రైకర్ వాన్ పెర్సీ ఒక్కడే ఉరికి మన గోల్‌కీపర్ పీటర్ చెక్‌ను దాటేసి గోల్ కొట్టిండు. జారుడు ఖర్మ. ఎనక ఎవ్వరు లేకపోవుడు ప్లాన్.

ఇంకోటి, చెల్సీ సీనియర్లు లాంపార్డ్, ద్రోగ్బా విల్లాస్-బోయాస్ ఈడోళ్లే. 2012 ఫిబ్రవరిల నాపోలి మీద లాంపార్డ్, కోల్‌ను బెంచీ మీద కూసోబెట్టి 3-1 ఓడిండు. మార్చి 4న పంపించేసిన్రు. గదే టీమ్‌ను ఆయన అసిస్టెంట్ డి మాటియో ఎనక్కి జరిపి ఆడించిండు, మే నెలల ఛాంపియన్స్ లీగ్ కొట్టిన్రు.

సెకండ్ బాల్:
మనోలోది కాళ్ల సమస్య కాదు, రోజుల సమస్య. హైదరాబాద్ ఎఫ్‌సీతో మొదటి సీజన్ 5వ స్థానం, కప్పు రెండో సీజన్‌లో. కోవిడ్ బబుల్ వల్ల ఆ రెండూ గోవాలోనే జరిగాయి, ఊరూరా తిరగడం లేదు. గోల్‌కీపర్ దగ్గర బాల్ ఉంటే ఫుల్‌బ్యాక్ ఎక్కడికి దిగాలి, మిడ్‌ఫీల్డర్ ఏ వైపు తిరిగి అందుకోవాలి అన్నది వందలసార్లు చేస్తే గానీ ఒంటికి పట్టదు. నేషనల్ క్యాంపులో దొరికేది కొద్ది రోజులే. పైగా 2024-25లో ఆయన ఎఫ్‌సీ గోవా కోచ్ కూడా.

ఆ కప్పు సీజన్‌లో హైదరాబాద్ నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. ఇండియా జెర్సీలో ఒగ్బెచే ఎక్కడి నుంచి వస్తాడు? రిటైరైన ఛెత్రిని మళ్లీ పిలిపించుకున్నారంటే స్ట్రైకర్ల కరువు ఎంతో చూసుకోండి.

గచ్చిబౌలి గోల్‌పోస్ట్:
మరి బ్రైటన్ నుంచి చెల్సీకి వెళ్లి అక్కడ నిలవని కోచ్ గ్రాహం పాటర్?

లెఫ్ట్‌బ్యాక్:
2022 సెప్టెంబర్‌ల, సీజన్ నడుమ చెల్సీకి పోయిండు. ప్రీ-సీజన్ దొర్కలే. జనవరిల ఎంజో, ముడ్రిక్, ఇంకా బోలెడుమంది కొత్త ఆటగాళ్లు దిగిన్రు. ట్రైనింగ్‌ల 11 మీద 11 ఆడిస్తే మిగిలినోళ్లు పక్కన నిలబడి చూసుడే.

బార్కాస్ వింగర్:
ఓడాక ఎంత టైమ్ ఇచ్చారన్నది ఎవరూ అడగట్లేదు. అప్పటి ఇండియా కోచ్, మన హైదరాబాదీ రహీమ్ సాబ్‌ను చూడండి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి. ఈ రోజుల్లో అయితే విమానం దిగేలోపే ఉద్యోగం ఊడేది. మళ్లీ ఆయన చేతికే టీమ్ ఇచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 4వ స్థానం. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కూడా ఆయనదే: 1950 నుంచి వరుసగా 5 రోవర్స్ కప్పులు. ఆ కుర్రాళ్లలో కొందరు ఇండియాకీ ఆడేవాళ్లు. మనోలోకి దొరకని రోజులు ఆయనకు ఈ ఊళ్లోనే దొరికాయి.

మొండిపట్టు కూడా లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడితే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, అందులో ఒక గోల్ జర్నైల్‌దే. టెర్రీని ఓ పదిహేను గజాలు వెనక నిలబెట్టడానికి అంత ధైర్యం కూడా అక్కర్లేదు కదా?

లెఫ్ట్‌బ్యాక్:
టెర్రీ ఒక్కన్నే జరిపితే డిఫెన్స్‌కు, మిడ్‌ఫీల్డ్‌కు నడుమ సందు పడ్తది సాబ్, అవతలోళ్లు అండ్లనే నిలబడి ఆడుకుంటరు. జరిపితే పది మందినీ జరపాలె. డి మాటియో చేసింది గదే.