దూకే జన్యువులు తెగులు ఫంగస్‌లకు లాభమా, బరువా?

బూజుగీత: ట్రాన్స్‌పోజాన్లంటే జీనోమ్‌లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్‌ఏ ముక్కలు. పంటల మీద పడే ఫంగస్‌లు వీటిని 'వాడుకుని' కొత్త రకాలుగా మారతాయని ఎక్కడ చూసినా అదే మాట. నాకు మింగుడుపడదు. ఫంగస్‌కి ప్లాన్ ఉంటుందా? ఇవి క్రోమోజోమ్‌లో చేరిన పరాన్నజీవులు, అంతే. మంచి జన్యువులో దూరితే అది పోయినట్టే.

ఆకుమచ్చ: పోవడమే ఒక్కోసారి లాభం కదండీ! అగ్గి తెగులు ఫంగస్‌లో ఏవీఆర్-పిటా అనే జన్యువుంది. పిటా అనే నిరోధక జన్యువున్న వరి దాని ప్రొటీన్‌ని పసిగట్టి ఎదురుతిరుగుతుంది. పాట్3 అనే ట్రాన్స్‌పోజాన్ ఆ జన్యువులో దూరాక వరి దాన్ని గుర్తుపట్టలేకపోయింది.

ఇక టమాటా వడలు తెగులు ఫ్యుజేరియం. దాని 14వ క్రోమోజోమ్ నిండా ట్రాన్స్‌పోజాన్లే, రోగం తెచ్చే జన్యువులూ అక్కడే. ఆ క్రోమోజోమ్ హానిచేయని రకంలోకి వెళ్తే అదీ టమాటాను పట్టిందని 2010లో తేలింది.

బూజుగీత: మీరు గెలిచినవాటినే లెక్కపెడుతున్నారు. మొక్క మీద మచ్చ వేసిన ఫంగస్‌నే ల్యాబ్‌కి తెస్తాం. దూకుళ్ల వల్ల చచ్చినవి ఎవరికి దొరుకుతాయి? అంత లాభమే అయితే చాలా ఫంగస్‌లలో 'రిప్' ఎందుకుంది? లైంగిక దశలో ఒకేలా ఉన్న డీఎన్‌ఏ కాపీలను వెతికి మరీ పాడుచేసే ఏర్పాటు అది.

ఆకుమచ్చ: ఆ రిప్ హద్దులో ఆగదే! ఆవజాతి పంటలకు సోకే లెప్టోస్ఫేరియాలో పక్కనున్న జన్యువుల్నీ మార్చేస్తుంది. మొక్క గుర్తుపట్టే జన్యువులు కొన్ని అలాగే చెడి, ఫంగస్ తప్పించుకుంది.

మూడోకన్ను: ఇద్దరూ క్రోమోజోమ్ నిలకడను ట్రాన్స్‌పోజాన్లకే కట్టేస్తున్నారు. గోధుమ ఆకుమచ్చ తెచ్చే జైమోసెప్టోరియా చూడండి. 21 క్రోమోజోమ్‌లలో 8 లేకపోయినా బతుకుతుంది. మామూలు కణవిభజనలోనే అవి జారిపోతుంటాయి. డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్ల మీది ఒక మిథైల్ రసాయన గుర్తును (హెచ్3కే27) తీసేస్తే ఈ జారుడు తగ్గింది! రెండో గుర్తు హెచ్3కే9 తీసేస్తే మాత్రం ట్రాన్స్‌పోజాన్లు మేల్కొన్నాయి, క్రోమోజోమ్‌లు విరిగి అతుక్కున్నాయి.

బూజుగీత: మొదటిది నేను ఊహించనిది, ఒప్పుకుంటున్నాను. రెండోది నా మాటే కదా, కాపలా తీస్తే ఇల్లు గుల్ల. అయినా ఆకుమచ్చ గారూ, 'వాడుకుంటుంది' అనే మాట మాత్రం మీకు వదలను.

ఆకుమచ్చ: సరే, 'కలిసొస్తుంది' అందాం.