చెరువులో రబ్బరు ఎరలు వేస్తే నాచు తప్ప ఏమీ రావట్లేదు, తప్పెక్కడ?

నకిరేకల్ నుంచి ప్రశ్న:
అన్నలకు నమస్తే. చిన్నప్పటి నుంచి ఎర్రలు గుచ్చి బెండు గాలం వేసే అలవాటు నాది. ఈ మధ్య వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో క్రియేచర్ బెయిట్స్ అనే రబ్బరు ఎరల ప్యాకెట్ తెప్పించుకున్నా. నాలుగు అంగుళాలవి, ముదురు పచ్చ రంగు, కాళ్లూ చేతులూ తోకా అన్నీ ఉన్నాయి. కొర్రమీను కోసం మూడు ఆదివారాలు మా ఊరి చెరువులో వేశా. ప్రతిసారీ నాచు ముద్దే వస్తోంది. ఒక్కసారి టక్కుమని కొట్టింది, లాగి చూస్తే ఎరకు ఒక చెయ్యి తెగిపోయి ఉంది. ఇవి బాస్ చేపకేనా? మన చేపలకు పనికిరావా? రంగు మార్చాలా?

దేవరకొండ నుంచి జవాబు:
తమ్ముడూ, ఎర మంచిదే. నాచు వస్తోందంటే గుచ్చే తీరులో తేడా ఉంది.

ముందు ఎర సంగతి. ఇది అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ కోసం పుట్టింది. ఆ చేప మన చెరువుల్లో లేదు. అక్కడ అది అడుగున పాకే క్రేఫిష్‌ను ఇష్టంగా తింటుంది. క్రేఫిష్ అంటే మన రొయ్యకు చుట్టమే, కాకపోతే ఎండ్రకాయకున్నట్టు కొండీలుంటాయి. క్రియేచర్ బెయిట్ దానికి అచ్చమైన నకలు కాదు. కొంత క్రేఫిష్, కొంత బల్లి, కొంత పురుగు. కదిలితే ప్రాణమున్నట్టు అనిపించాలి, అంతే. మన కొర్రమీను కూడా తుంగ మొదట్లో నక్కి, దగ్గరికొచ్చిన కప్పనో చిన్న చేపనో పట్టేదే. అందుకని దీనికీ పనికొస్తుంది.

తేడా నోటి దగ్గర వస్తుంది. బాస్ నోరు తెరిచి నీళ్లతో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది. కొర్రమీనుకు పదునైన పళ్లున్నాయి, కరిచి పట్టుకుంటుంది. నీ ఎర చెయ్యి తెగింది అందుకే. చేప కొసను పట్టింది, ముల్లు దాకా రాలేదు. కత్తెరతో ఆ పొడుగు చేతులు సగానికి కత్తిరించు, తల వైపు కూడా కొంచెం కోసి మూడు అంగుళాలకు తీసుకురా. తోక ఆడితే చాలు.

ఇక గుచ్చడం. మెడ దగ్గర మెలిక ఉండే ఆఫ్‌సెట్ హుక్ (గాలపు ముల్లు) కావాలి, 2/0 లేదా 3/0 సైజుది. దారానికి ముందు బుల్లెట్ ఆకారం సీసం గుండు ఎక్కించు, సన్న మూతి రాడ్ వైపు ఉండాలి. తర్వాత హుక్ కట్టు. మొనను ఎర తలలో నిలువుగా అర సెంటీమీటరు దించి పక్కకు బయటికి తియ్యి. ఎరను పైకి జరిపి మెలిక తలలో కూర్చున్నాక హుక్‌ను సగం తిప్పు. ఇప్పుడు ఎర హుక్ పక్కన నిటారుగా వేలాడుతుంది. వంపు దాని ఒంటి మీద ఎక్కడ తగులుతుందో గోటితో గుర్తు పెట్టి, సరిగ్గా అక్కడే గుచ్చి అవతలికి తియ్యి. చివర్లో మొన మీదికి రబ్బరు కొద్దిగా లాగి కప్పు. వేలితో తడిమితే గుచ్చుకోకూడదు, నొక్కితే తగలాలి. ఇలా గుచ్చడాన్నే టెక్సాస్ రిగ్ అంటారు. ఎర వంకరగా కూర్చుంటే నీళ్లలో గిర్రున తిరిగి దారమంతా మెలికలు పడుతుంది. వంకర కనపడితే బద్ధకించకుండా తీసి మళ్లీ గుచ్చు.

గుండు 5 నుంచి 7 గ్రాములు చాలు. తుంగలో వేసేటప్పుడు గుండు రంధ్రంలో అగ్గిపుల్ల మొన దూర్చి విరిచెయ్, గుండూ ఎరా కలిసే దిగుతాయి. నాచు పైన తెట్టులా పరుచుకున్న చోట గుండే వద్దు. ఉత్త ఎరను దాని మీద పాకించి, సందు కనపడగానే ఆపు.

చాలామంది తొందరతోనే చేపను పోగొట్టుకుంటారు. ఎర దిగుతుంటే దారం మీద చూపు పెట్టు, అప్పుడే ఎక్కువసార్లు కొడుతుంది. అడుగుకు చేరాక పది లెక్కపెట్టు. రాడ్ మొన జానెడు ఎత్తి మళ్లీ దించు. టక్కుమన్నా, దారం పక్కకు నడిచినా వెంటనే లాగొద్దు. రాడ్ దించి, వదులు దారం చుట్టుకొని, బరువు తెలిసాకే గట్టిగా పైకి కొట్టు. నీ రీలులో మామూలు నైలాన్ దారం ఉంటే అది సాగుతుంది, మొన రబ్బరు దాటి దవడలోకి దిగదు. తుంగలో సాగని అల్లిక దారమే (బ్రెయిడ్) నయం.

మహబూబ్‌నగర్ నుంచి మరొకరు:
రంగు గురించి నా అనుభవం చెప్తా. మావి ఎర్ర చెల్క నేలలు. గట్టి వాన పడితే చెరువు పాల చాయ్ రంగులోకి తిరుగుతుంది. ఆ నీళ్లలో ముదురు పచ్చ ఎర కనపడదు. నలుపు, ముదురు నీలం వేస్తే దాని ఆకారం చేపకు తెలుస్తుంది. చలికాలంలో నీళ్లు తేటపడ్డాక నీ పచ్చ రంగే బాగుంటుంది, మార్చకు.

ఇంకో మాట. ఎరలను వాటి ప్యాకెట్లలోనే ఉంచు. రంగులు కలిపితే ఒకదానిది ఇంకోదానికి అంటుతుంది. బాగా సాగే రకం ఎరలుంటాయి, వాటిని మామూలు రబ్బరుతో అస్సలు కలపొద్దు. నేను ఒకే డబ్బాలో వేసి ఎండలో బండి మీద పెట్టా. సాయంత్రం చూస్తే అంతా కరిగి ఒక్క ముద్దైంది.

హాలియా నుంచి:
చెరువులో దిగే ముందు ఊరి మత్స్యకార సంఘం వాళ్లను అడిగావా తమ్ముడూ? చేప పిల్లలు వదిలి కాపాడుకునేది వాళ్లు, అడిగితే చాలాసార్లు కాదనరు. వానాకాలంలో నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతుంటే ఆ చోట ఎర వేయకు. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి, వాటిని పడితే ఆ పిల్లల్ని పక్క చేపలు తినేస్తాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా కొర్రమీనే, 2016లో ప్రకటించారు. కృష్ణ ఒడ్డుకు వెళ్తే మాత్రం మోకాలి లోతు నీళ్లలో కూడా నిలబడకు, మొసళ్లున్నాయి.

నకిరేకల్ నుంచి మళ్లీ:
సంఘం పెద్దాయనను అడిగా, మత్తడి వైపు వేసుకోమన్నడు. ఈ ఉదయం చేతులు కత్తిరించి, మీరు చెప్పినట్టే గుచ్చి వేశా. గంటన్నరలో నాచు రెండుసార్లే వచ్చింది! తుంగ అంచున దారం మెల్లగా ఎడమకు నడిచింది. చేతులు వణికాయి గానీ బరువు తెలిసేదాకా ఆగా. ముప్పావు కిలో కొర్రమీను. ఎర తల చీలిపోయింది, పారెయ్యాలా?

దేవరకొండ నుంచి:
శభాష్ తమ్ముడూ! పారెయ్యకు. తుడిచి ఆరబెట్టి, చీలికలో ఒక్క చుక్క ఫెవిక్విక్ వేసి పది సెకన్లు నొక్కి పట్టు, అతుక్కుంటుంది. తెగిన ముక్కలు మాత్రం చెరువులో వదలకుండా జేబులో వేసుకొని ఇంటికి తెచ్చెయ్, చేప మింగితే దానికి అరగదు.