మేకు మునుగుతుంది, ఓడ తేలుతుంది: పిల్లలకి ఎలా చెప్పారు?

ఆరో తరగతి అమ్మ:
"సాంద్రత నీటికంటే ఎక్కువైతే మునుగుతుంది, తక్కువైతే తేలుతుంది" అని మావాడికి చెప్పి చేతులు దులుపుకున్నాను. వాడు క్లేతో పడవ చేసి టబ్బులో వదిలాడు, తేలింది. దాన్నే ముద్ద చేసి వేశాడు, బుడుంగుమంది. "క్లే అదే, బరువూ అదే. మరి సాంద్రత ఎప్పుడు మారిందమ్మా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఎవరైనా ఈ ప్రశ్న దాటారా?

చెక్కపడవ:
క్లే సాంద్రత మారలేదండీ. కానీ పడవంటే క్లే ఒక్కటే కాదు, దాని కడుపులోని గాలి కూడా. మొత్తం బరువుని మొత్తం జాగాతో భాగిస్తే ఘన సెంటీమీటరుకి 1 గ్రాము కంటే తక్కువే వస్తుంది. ఉక్కు సాంద్రత 7.8 దాకా ఉన్నా ఓడ తేలేది అందుకే, లోపలంతా ఖాళీ కదా.

పాత సైన్సు మాస్టారు:
గాలి అనగానే "గాలే పైకి లాగుతోంది" అనుకుంటారు పిల్లలు. నా క్లాసులో ప్రతి ఏడూ ఇదే గొడవ. లాగేది గాలి కాదు, తోసేది నీరు. అందుకే కొలిపించేవాణ్ణి. అంచుదాకా నింపిన గిన్నెలో 100 గ్రాముల క్లే ముద్ద వేస్తే, కింద పళ్లెంలోకి సుమారు 60 మి.లీ. పొర్లేవి. అంటే నీరు మోసేది 60 గ్రాములే, మిగతా 40 మోసే దిక్కు లేదు. అదే క్లే పడవైతే 100 మి.లీ. పొర్లేవి, లెక్క సరి. పక్కకి తప్పుకున్న నీటి బరువెంతో పైకి తోపు అంత అని ఆర్కిమెడిస్ చెప్పింది ఇదే. (ఒకటి రెండు మి.లీ. తేడా వస్తే కంగారు పడకండి, అంచున నీళ్లు కాస్త ఉబ్బి నిలుస్తాయి.)

ఈతరాని చేప:
నాకిది ఈత నేర్చుకునేటప్పుడు ఒంటికి తెలిసింది. ఊపిరి నిండా పీల్చి వెల్లకిలా పడుకుంటే తేలేదాన్ని, మొత్తం వదిలేస్తే కాళ్లవైపు నుంచి దిగిపోయేదాన్ని. బరువు అదే, ఛాతీ ఆక్రమించే జాగా తగ్గిందంతే. సముద్రంలో కాస్త నయం, ఆ నీటి సాంద్రత సుమారు 1.025.

చెక్కపడవ:
చెక్క ఎప్పుడూ తేలుతుందని కూడా నమ్మకండి. లిగ్నమ్ వైటే అనే చెక్క సాంద్రత 1.2 దాకా ఉంటుంది, రాయిలా మునుగుతుంది. నా పేరు మార్చుకోవాలేమో :)

పాత సైన్సు మాస్టారు:
రాయి అంటే గుర్తొచ్చింది. టబ్బులో పడవ, పడవలో రాయి. ఆ రాయిని తీసి టబ్బు నీళ్లలో వేస్తే నీటి మట్టం ఏమవుతుంది?

ఆరో తరగతి అమ్మ:
పెరుగుతుందని ఇద్దరం పందెం కాశాం. గోడకి టేపు అంటించి చూస్తే తగ్గింది! కాసేపాగి మావాడే చెప్పాడు: పడవలో ఉన్నప్పుడు రాయి తన బరువంత నీటిని తోస్తుంది, అడుగున పడ్డాక తన సైజంతే. ఇప్పుడు రాయి బదులు ఐసు ముక్క అయితే అంటున్నాడు. రాత్రి పదకొండైంది, నన్ను వదిలేయండి.

పాత సైన్సు మాస్టారు:
మట్టం మారదు, ఐసు ఎక్కడున్నా తేలేదే కదా. కరిగాక కూడా మారదు. అది మాత్రం వాడికి చెప్పకండి, పొద్దున టేపు దగ్గర కూర్చోబెట్టండి.