పల్స్ మోటార్: కాయిల్ కాగిపోతోంది, చక్రం వేగం అందుకోవడం లేదు. ఎక్కడ తప్పు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంట్లో ప్రయోగంగా ఒక పల్స్ అయస్కాంత మోటార్ (అయస్కాంతం కాయిల్‌ని దాటే ప్రతిసారీ చిన్న కరెంటు తోపుతో తిరిగేది) కడుతున్నాను. 20 సెం.మీ. యాక్రిలిక్ చక్రం, పాత హార్డ్ డిస్క్‌లోంచి తీసిన బేరింగ్. అంచున నాలుగు నియోడిమియం బిళ్లలు (20 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం), అన్నిటికీ దక్షిణ ధ్రువమే బయటికి. కాయిల్‌కి 0.5 మి.మీ. ఎనామిల్ తీగ 50 మీటర్లు చుట్టాను, 4.4 ఓమ్‌లు చూపిస్తోంది. ఎ3144 హాల్ సెన్సర్ (అయస్కాంతాన్ని పసిగట్టేది) అవుట్‌పుట్ నేరుగా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (కాయిల్ కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) గేట్‌కి ఇచ్చి, 12 వోల్టులకి 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ రెసిస్టర్ పెట్టాను. బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్.

చేత్తో తిప్పితే కాసేపు తిరిగి ఆగిపోతోంది. ఐదు నిమిషాలకే కాయిల్ ముట్టుకోలేకపోతున్నాను. ఇప్పటికి రెండు మాస్‌ఫెట్లు పోయాయి. ఎవరైనా దారి చూపించండి.

జవాబు:
వివరాలన్నీ ఇచ్చారు కాబట్టి తప్పు తేలిగ్గానే దొరికిందండీ. ఎ3144 అయస్కాంతం ఎదురుగా వచ్చినప్పుడు అవుట్‌పుట్‌ని కిందికి, సున్నా వోల్టుల దగ్గరికి లాగుతుంది. అంటే మీ మాస్‌ఫెట్ అయస్కాంతం దగ్గర ఉన్నప్పుడు ఆఫ్, లేనప్పుడు ఆన్. పల్స్ తలకిందులైంది. చక్రం ఆగి ఉన్నా కాయిల్‌లో 2.7 ఆంపియర్లు పారుతూనే ఉన్నాయి, అంటే 32 వాట్లు. కాగక ఏం చేస్తుంది!

మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టండి, అది సిగ్నల్‌ని తిరగేస్తుంది. సెన్సర్ అవుట్‌పుట్ దాని బేస్‌కి, ఇప్పుడున్న 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ అక్కడే ఉండనివ్వండి. ఎమిటర్ గ్రౌండ్‌కి, కలెక్టర్ మాస్‌ఫెట్ గేట్‌కి. గేట్ నుంచి 12 వోల్టులకి 1 కిలో ఓమ్.

కాయిల్ తగిలించే ముందు దాని స్థానంలో ఒక ఎల్ఈడీ, 1 కిలో ఓమ్ పెట్టి చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి చూడండి. బిళ్ల సెన్సర్ ముందుకి రాగానే వెలగాలి, దాటగానే ఆరిపోవాలి. అది చూశాకే కాయిల్. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ రెండు మాస్‌ఫెట్లూ మిగిలేవేమో.

కాయిల్‌కి డయోడ్ (కరెంటుని ఒకే దిక్కున పోనిచ్చేది) పెట్టారా? మీరు రాసినదాంట్లో కనిపించలేదు. కరెంటు ఒక్కసారిగా తెగితే కాయిల్ ఎదురు వోల్టేజీ విసురుతుంది. ఈ మాస్‌ఫెట్ తట్టుకునేది 55 వోల్టులే. ఆ సమయంలో కాయిల్ చివర్లు చేత్తో పట్టుకోకండి, ఝల్లుమంటుంది.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, ఎల్ఈడీ పరీక్షలో మీరు చెప్పినట్టే తేలింది! డయోడ్ నిజంగానే పెట్టలేదు. ఇప్పుడు యూఎఫ్4007 డయోడ్ పెట్టాను. తిరుగుతోంది, వేడి లేదు. కానీ ఏదో పట్టి లాగుతున్నట్టు ఒక వేగం దగ్గరే ఉండిపోతోంది.

జవాబు:
ఆ లాగేది డయోడేనండీ. స్విచ్ ఆగినా కాయిల్‌లోని కరెంటు డయోడ్ గుండా ఇంకొన్ని మిల్లీసెకన్లు తిరుగుతూ ఉంటుంది. ఈలోగా తర్వాతి బిళ్ల దగ్గరికి వచ్చేస్తే దానికి బ్రేకు పడుతుంది. డయోడ్‌తో వరుసలో 24 వోల్టుల, 5 వాట్ల జీనర్ (నిర్ణీత వోల్టేజీ దాటితేనే ఎదురు దిక్కున కరెంటు వదిలే డయోడ్) పెట్టండి, రెండింటి గీతలు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా. డయోడ్ రెండో కాలు మాస్‌ఫెట్ డ్రెయిన్‌కి (కాయిల్ కలిసే కాలికి), జీనర్ రెండో కాలు ప్లస్‌కి. డ్రెయిన్ మీద సుమారు 37 వోల్టులకి మించి రాదు, కరెంటు త్వరగా చచ్చిపోతుంది.

మరో సభ్యుడు:
తమ్ముడూ, వేగం పెంచే ముందు బిళ్లల సంగతి చూసుకో. నీ బిళ్ల ఒక్కొక్కటి సుమారు 12 గ్రాములు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 12 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో అది బయటికి పోవాలని చూస్తుంది. ఉత్త జిగురుని నమ్మొద్దు. అంచు చుట్టూ ఫైబర్ టేపు నాలుగు వరుసలు గట్టిగా చుట్టు, చక్రానికి చెక్క పెట్టె అడ్డం పెట్టు, కళ్లద్దాలు పెట్టుకో. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకు.

ప్రశ్న అడిగినవారు:
టేపు చుట్టేశాను అన్నా, పెట్టె కూడా పెట్టాను. సెన్సర్ అవుట్‌పుట్ దగ్గర మీటర్ 80 హెర్ట్జ్ చూపిస్తోంది. నాలుగు బిళ్లలు కాబట్టి నిమిషానికి 1,200 చుట్లు. చాలా సంతోషంగా ఉంది. ఇంకో సందేహం. గంట నడిపినా బ్యాటరీ వోల్టేజీ దాదాపు కదల్లేదు. ఇది తీసుకున్నదానికంటే ఎక్కువ ఇస్తోందా?

జవాబు:
లేదండీ. సగటున 0.4 ఆంపియర్లు అనుకున్నా గంటకి 0.4 ఆంపియర్-అవర్. 7లో అది 6 శాతం లోపే, వోల్ట్‌మీటర్‌కి అంతగా తెలియదు. ఖర్చు చూడాలంటే అమ్మీటర్ తర్వాత, సర్క్యూట్ ముందు 2,200 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. పల్సులు సర్దుకుని సగటు కరెంటు సరిగ్గా కనిపిస్తుంది. దాన్ని వోల్టులతో గుణిస్తే మోటార్ తీసుకుంటున్న వాట్లు.

ఇక సెన్సర్ కాయిల్ పక్కనే ఉంటే కాయిల్ అయస్కాంతక్షేత్రమే దాన్ని తికమక పెడుతుంది. చక్రానికి అవతలి వైపు, కాయిల్‌కి ఎదురుగా బిగించండి. బిళ్ల కాయిల్ మధ్యని దాటిన వెంటనే పల్స్ మొదలై, దాన్ని తోసేయాలి. తోయకుండా వెనక్కి లాగుతుంటే కాయిల్ తీగలు రెండూ మార్చండి. తర్వాత చక్రం ఆపి సెన్సర్‌ని ఒక మిల్లీమీటరు జరపండి, మళ్లీ నడిపి హెర్ట్జ్, ఆంపియర్లు రెండూ రాసుకోండి. కరెంటు తగ్గుతూ వేగం పెరిగిన చోట స్క్రూ బిగించేయండి.